కెమేరా వేట: సెరెంగెటి గడ్డి మైదానం, కవ్వాల్ టేకు అడవి

సఫారీ అన్న మాట వినగానే మనలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి, పెళ్లిళ్లలో మన మామయ్యలు వేసుకునే సఫారీ సూటు. రెండు, టీవీలో సింహం జింక వెంట పరుగెత్తే దృశ్యం. నిజానికి ఈ మాట మనకు పరాయిది కాదు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాష దీన్ని అరబ్బీ ‘సఫర్’ నుంచి తీసుకున్నది. అదే సఫర్ ఉర్దూ మీదుగా మన జగిత్యాల, కోరుట్ల బజారుకూ వచ్చింది. బస్టాండులో పెద్దమనుషులు ‘సఫర్ ఎట్లయింది?’ అని అడుగుతారే, ఆ సఫరే ఇది. ప్రయాణం అని అర్థం.

మన హాస్టల్లో కెమేరా ఉన్నవాళ్లు కొందరు, మంచి ఫోను ఉన్నవాళ్లు చాలామంది. వీళ్లందరి నోటా ఒకటే మాట: ‘ఫొటోలంటే ఆఫ్రికాలో తియ్యాలె. ఇక్కడేముందిరా!’ ఇక్కడేముందో, అక్కడ ఉన్నది ఎట్లా ఉన్నదో చెప్పాలనే ఈ వ్యాసం. నేను ఆఫ్రికా చూడలేదు. నేను చూసింది గోదావరి అవతలి కవ్వాల్ అడవి. ఆఫ్రికా సంగతులు మన పాఠ్యపుస్తకాలలోనూ లైబ్రరీలోనూ చదివి తెలుసుకున్నవి. అయితే కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థి ఆ సంగతులు చదివితే, ఫొటోగ్రాఫరుకు కనిపించనిది ఒకటి కనిపిస్తుంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

ముందుగా కొంచెం చరిత్ర. అడవి జంతువును కెమేరాతో పట్టడం వేటకు తోబుట్టువుగానే మొదలైంది. మన తెలంగాణలోనే సాక్ష్యం ఉన్నది. 1902లో వైస్రాయి కర్జన్ దొర వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర మకాం వేసి పులుల వేట ఆడాడు. చచ్చిన పులి ముందు దొర, దొరసాని నిలబడగా ఫొటో తీసినవారు నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్. ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాలలో కనిపిస్తుంది. అందులో పులి కదలదు, కాబట్టి ఫోకసు చక్కగా కుదిరింది! బతికున్న జంతువును ఫొటో తీయడం అప్పటికి దాదాపు అసాధ్యం. ఆ అసాధ్యాన్ని తూర్పు ఆఫ్రికాలో సాధించినవాడు షిల్లింగ్స్ అనే జర్మన్. రాత్రిపూట మెగ్నీషియం పొడి వెలిగించి, ఆ మెరుపులో సింహాలను తీసి, 1905లో పుస్తకం వేశాడు. మన దేశంలో ఛాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే బాటలో తీగ కట్టాడు. పులి కాలు తగిలితే కెమేరా తనంతట తానే పేలేటట్టు ఏర్పాటు చేశాడు. ఆయన పుస్తకం 1927లో వచ్చింది. 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1977లో కెన్యాలో వేట నిషేధం వచ్చాయి. వేటగాళ్లకు దారి చూపించిన పనిలోకి క్రమంగా కెమేరావాళ్లకు దారి చూపించే గైడ్లు వచ్చారు. అయినా వేట భాష మాత్రం పోలేదు. టూరిస్టు పుస్తకాలలో ‘బిగ్ ఫైవ్’ అని సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా దున్న ఈ ఐదింటినీ కలిపి చెబుతారు. అవి అందమైనవని కాదు ఆ పేరు. కాలినడకన వేటాడడానికి అన్నింటికన్నా ప్రమాదమైనవని!

ఇక గైడుతో వెళ్లే ఫొటో సఫారీ ఎట్లా ఉంటుంది? కెన్యాలో మసాయి మారా 1,510 చదరపు కిలోమీటర్లు. దాన్ని ఆనుకొని టాంజానియాలో సెరెంగెటి 14,763. మన కవ్వాల్ పులుల అభయారణ్యం కోర్, బఫర్ కలిపినా సుమారు 2,015 చదరపు కిలోమీటర్లు. అంటే సెరెంగెటి ఒక్కటే కవ్వాల్‌కు ఏడు రెట్లు. అక్కడ చాలా భాగం మోకాటి ఎత్తు గడ్డి, నడుమ గొడుగులాంటి తుమ్మజాతి చెట్లు. గైడు జీపు ఆపి బైనాక్యులర్స్ పెడితే కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది. ఆకాశంలో రాబందులు ఏ వైపు దిగుతున్నాయో చూసి, ఎక్కడ వేట జరిగిందో పసిగడతాడు. వెలుతురు ఏ వైపు ఉన్నదో, జంతువు ఏ వైపు నడుస్తున్నదో లెక్కేసి, అది రాబోయే చోటికి ముందే బండి చేరుస్తాడు. మంచి గైడు మనల్ని జంతువు దగ్గరికి తీసుకుపోడు, జంతువు మన దగ్గరికి వచ్చేట్టు నిలబెడతాడు. ఫొటోలో సగం పని అక్కడే అయిపోతుంది.

కవ్వాల్‌లో ఈ విద్య సాగదు. జగిత్యాల నుంచి ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్షెట్టిపేట దాటి జన్నారం చేరితే మొదలయ్యేది టేకు, వెదురు, తునికి, నల్లమద్ది అడవి. చాలాచోట్ల ముప్పై గజాలకు మించి చూపు ఆనదు. 1965లో వన్యప్రాణి అభయారణ్యమై, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించబడింది. పులి కోసమని పోయినవాళ్లలో ఎక్కువమంది పులిని చూడకుండానే తిరిగివస్తారు. మహారాష్ట్ర తడోబా అడవుల నుంచి నడిచివచ్చే పులులే ఇక్కడికి ఆశ. మేము మార్చి నెలలో పోయినప్పుడు మాకు కనిపించినవి దుప్పులు, మనుబోతులు, ఒక అడవిదున్నల మంద, లెక్కలేనన్ని కొండెంగలు. నాకైతే ఏ లోటూ అనిపించలేదు. ఎందుకంటే ఆ పొద్దున మా గైడు ఒక పాఠం చెప్పాడు.

‘తమ్మీ, పులిని కండ్లతోని దేవులాడద్దు. చెవులతోని దేవులాడాలె’ అన్నాడు. ఇంజను బందు పెట్టించాడు. ఐదు నిమిషాలు ఎవరూ కదలొద్దన్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో చెట్టు కొసన కొండెంగ దగ్గినట్టు అరిచింది. దాని వెంటనే దుప్పి సన్నగా, తెగ్గొట్టినట్టు కూత వేసింది. ‘అన్నా, పులేనా?’ అని మావాడొకడు కెమేరా ఎత్తాడు. ‘ఆగు. కణుజు కూత పెడితే అప్పుడు చూద్దాం. దుప్పి పిరికిది, దేనికైనా అరుస్తది. కణుజు ఉత్తగ అరవది’ అన్నాడు. కణుజు అరవలేదు. ఏ చిరుతో దూరంగా దాటిపోయి ఉంటుంది. కొండెంగలకూ దుప్పులకూ ఉన్న ఈ స్నేహాన్ని మధ్యప్రదేశ్ కాన్హా అడవిలో పరిశోధకులు శ్రద్ధగా గమనించారు. పైనుంచి కొండెంగలు సగం తిని పారేసిన ఆకులు, కాయలు దుప్పులు మేస్తాయి. పైవాటికి చూపు ఎక్కువ, కిందివాటికి వాసన ఎక్కువ. రెండూ కలిస్తే మంచి కాపలా! కాబట్టి కవ్వాల్‌లో కెమేరాకు ముందు కావలసింది లెన్సు కాదు, ఓపిక.

ఇప్పుడు మనకు క్లాసులో చెప్పిన ఒక సంగతి గుర్తు చేస్తాను. పశువు దగ్గరికి మనిషి నడిచిపోతే, ఒక దూరం దాకా అది తలెత్తి చూస్తుంది. ఇంకో అడుగు వేస్తే పక్కకు జరుగుతుంది. ఆ గీతనే ఫ్లైట్ జోన్ అన్నారు, మన భాషలో పలాయన దూరం అనుకోవచ్చు. జంతుశాలల జంతువుల మీద స్విస్ శాస్త్రవేత్త హెడిగర్ ఈ దూరాన్ని వివరంగా రాశాడు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే విదుషీమణి దీన్నే పశువులను బెదరకుండా తోలే పద్ధతిగా మలిచింది. పెంపుడు బర్రెకు ఈ దూరం దాదాపు సున్న. కొత్తగా సంతలో కొన్న కోడెకు పది గజాలు. అడవి దుప్పికి మరింత ఎక్కువ. జంతువు తలెత్తి, చెవులు ముందుకు పెట్టి, ముంగాలు నేలకు తన్నిందంటే మనం గీత మీద ఉన్నామన్న మాట. తోక నిటారుగా లేచి తెల్లగా కనిపిస్తే గీత దాటినట్టే. అప్పుడు దొరికేది దాని పిరుదుల ఫొటో మాత్రమే! గీతకు రెండడుగుల ఇవతల ఆగి, పది నిమిషాలు ఊరకుంటే అది మళ్లీ మేతకు తల దించుతుంది. అదే ఫొటో తీసే సమయం.

మరి మారాలో సింహం జీపు నీడలోనే ఎట్లా పడుకుంటుంది? అది మచ్చిక కాదు, అలవాటు. దశాబ్దాలుగా వేలాది బండ్లు వచ్చాయి, పోయాయి. ఏ బండీ దాన్ని కాల్చలేదు, మేపలేదు. బండిని, అందులోని మనుషులను కలిపి అది ఒకే వస్తువుగా చూస్తుంది. అదే మనిషి తలుపు తీసి కాలు కింద పెడితే లెక్క మారిపోతుంది. అది పారిపోనన్నా పారిపోతుంది, మీదికన్నా వస్తుంది. మన పులుల అభయారణ్యాలలో జంతువుకు కనీసం 20 మీటర్ల దూరంలో బండి ఉండాలన్న నిబంధన 2012 మార్గదర్శకాలలో ఉన్నది. కొందరు దాన్ని ఆఫీసు నిబంధనగా చూసి గైడును సతాయిస్తారు. ‘ఇంకొంచెం ముందుకు పోనియ్’ అని డ్రైవరు చేతిలో నోటు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఫొటో కోసం జంతువును లేపడం, గూటి ముందు కొమ్మలు విరవడం, ఎర వేయడం నా దృష్టిలో తుపాకి లేని వేటే.

కెమేరా సాంకేతికం గురించి చాలా పుస్తకాలున్నాయి కనుక క్లుప్తంగా ముగిస్తాను. 400 మిల్లీమీటర్ల లెన్సు చేతితో పట్టుకుంటే షట్టరు వేగం 1/400 సెకనుకు తగ్గకూడదు. జంతువు పరుగులో ఉంటే 1/1000 పైన. తెల్లవారుజామున టేకు కింద అంత వెలుతురు ఉండదు కాబట్టి ఐఎస్‌వో 1600 దాకా, కొన్నిసార్లు 3200 దాకా పెంచక తప్పదు. గరకుతనం వస్తే రానీ, కదిలిపోయిన ఫొటో కన్నా అది నయం. ఒకప్పుడు ఫిల్ముకు 36 బొమ్మలే ఉండేవి, ఆలోచించి మీట నొక్కేవారు. ఇప్పుడు సెకనుకు పది బొమ్మలు పడుతున్నాయి, ఆలోచన తర్వాతికి వాయిదా పడింది.

ఒక్క చిక్కు మాత్రం వివరంగా చెప్పాలి. కెమేరాలోని మీటరు ప్రపంచమంతా బూడిదరంగులో ఉంటుందని నమ్ముతుంది. నల్లటి అడవిదున్నను చూపిస్తే ‘చీకటిగా ఉంది’ అనుకొని వెలుగు పెంచి దాన్ని బూడిదరంగుకు తెస్తుంది. తెల్ల కొంగను చూపిస్తే వెలుగు తగ్గించి దాన్ని మురికి చేస్తుంది. కాబట్టి దున్నకు ఒక స్టాపు తగ్గించాలి, కొంగకు ఒక స్టాపు పెంచాలి. దీనికి అడవికే పోనక్కరలేదు. సాయంత్రం ఏ చెరువు గట్టు మీదనైనా నల్లటి బర్రె, దాని వీపు మీద తెల్లటి కొంగ ఉంటాయి గదా! ఈ రెండింటినీ ఒకే ఫొటోలో తీసి, కొంగ ఈకలూ కనబడాలి, బర్రె కన్నూ కనబడాలి. తెలుపు కాలిపోకుండా కొలత పెట్టుకొని, నలుపును తర్వాత కంప్యూటరులో కొంచెం పైకి తెచ్చుకోవచ్చు. ఇది వచ్చినవాడికి కవ్వాల్ దున్న గాని, మారా దున్న గాని ఒక లెక్క కాదు.

ఇక నేను మొదట చెప్పిన అసలు సంగతికి వస్తాను.

ఆఫ్రికా సఫారీ ఫొటోలన్నింటిలో ప్రపంచానికి బాగా తెలిసినది వైల్డ్‌బీస్టుల వలస. సుమారు పదమూడు లక్షల జంతువులు వానను, పచ్చికను వెతుక్కుంటూ సెరెంగెటి, మారాల మధ్య తిరుగుతాయి. జూలై మొదలు అక్టోబరు దాకా మారా నదిలో దూకుతాయి, మొసళ్లు కాచుకొని ఉంటాయి. ఈ దృశ్యం ఆదికాలం నుంచీ ఇట్లాగే ఉన్నదని ఫొటోగ్రాఫర్లు నమ్ముతారు. కాదు! మన పాఠంలో ముసర వ్యాధి అని చదివామే, రిండర్‌పెస్టు, అది 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం దిగుమతి చేసుకున్న పశువులతో తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టింది. పదేళ్లలో ఖండం దక్షిణ కొస దాకా పోయింది. పశువులలో పదింట తొమ్మిది చచ్చినచోట్లు ఉన్నాయి. పశువులే బతుకైన మసాయి జనం ఆకలితో కూలిపోయారు. అడవిదున్నలు, వైల్డ్‌బీస్టులు కూడా అట్లాగే రాలిపోయాయి. ఆ తర్వాత డెబ్బయ్ ఏళ్ల దాకా సెరెంగెటిలో ఏటా వైల్డ్‌బీస్టు దూడలు చస్తుండేవి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఏడెనిమిది నెలలకు తగ్గగానే రోగం పట్టుకునేది.

1950ల చివర, 1960ల మొదట అక్కడి పశువైద్యులు చుట్టుపక్కల ఊళ్ల ఆవులకు టీకాలు వేశారు. కెన్యాలోని ముగుగా ప్రయోగశాలలో వాల్టర్ ప్లౌరైట్ బృందం తయారుచేసిన టీకా ఈ పనికి మహా ఆయుధమైంది. గమనించండి, ఒక్క వైల్డ్‌బీస్టుకు కూడా ఎవరూ సూది వేయలేదు. ఆవుల్లో రోగం పోగానే అడవిలోనూ పోయింది. 1960ల ఆరంభంలో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్టులు 1977 నాటికి పదమూడు లక్షలు దాటాయి. అన్ని నోళ్లు గడ్డి మేసేసరికి కార్చిచ్చులు తగ్గాయి, చిచ్చు తగ్గేసరికి చెట్లు తిరిగి మొలిచాయి. అంటే ఈనాడు లక్షలు పోసి జనం ఫొటో తీసుకునే ఆ మంద, ఆ చెట్టు, ఆ చెట్టు కింద సింహం వెనుక ఊరి ఆవుకు వేసిన ఒక సూది ఉన్నది. మన దేశానికి ఈ రోగం నుంచి విముక్తి గుర్తింపు 2006లో, ప్రపంచానికి 2011లో వచ్చింది. మనుషుల మశూచి తర్వాత భూమి మీద నుంచి తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. మన వృత్తికి ఇంతకు మించిన కీర్తి లేదు, అయినా ఏ ఫొటో కింద రాయరు.

రెండో ఉదాహరణ సింహాలది. 1994లో సెరెంగెటి సింహాలు మూర్ఛలు వచ్చి పడిపోసాగాయి. మూడోవంతు చచ్చాయి. చూస్తే కుక్కల డిస్టెంపరు! పార్కు చుట్టూ ఊళ్లలో టీకాలు లేని కుక్కల నుంచి వచ్చిందని తేలింది. అప్పటి నుంచి అక్కడ ఊరకుక్కలకు టీకాల శిబిరాలు నడుపుతున్నారు.

ఇదంతా మనకెందుకంటారా? వన్యప్రాణి చట్టంలో 1991లో చేర్చిన 33ఏ సెక్షను చూడండి. అభయారణ్యం లోపలా, దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల లోపలా ఉన్న పశువులకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాటు చేయాలని ఉన్నది. జన్నారం, కడెం, ఖానాపూర్ పల్లెల ఆవులు, మేకలు కవ్వాల్ అంచులలోనే మేస్తాయి. అడవిదున్నకు గాలికుంటు వచ్చేది గాలిలోంచి కాదు, ఎక్కువగా అదే గుంటలో నీళ్లు తాగిన ఆవు నుంచి. కవ్వాల్‌లో దున్న ఫొటో కావాలంటే ఆ ఊళ్ల టీకా రిజిస్టరు నిండాలి. ఇంటర్న్‌షిప్పులో టీకాల శిబిరానికి పొమ్మంటే ముఖం చిట్లించే మిత్రులు, సఫారీ టికెట్టు కోసం మాత్రం పొద్దున నాలుగింటికి లేస్తారు. ఈ రెండూ ఒకే పని అని నా వాదన.

మరొక మాట చెప్పకుండా ఉండలేను. ఫొటోలో మనిషి ఉండకూడదని సఫారీవాళ్ల పట్టుదల. బొమ్మలో గుడిసె గాని, పశువుల కాపరి గాని పడితే చెడిపోయిందంటారు. మనుషులు లేని ఆ అడవి ఎట్లా వచ్చింది? 1959లో మసాయి జనాన్ని సెరెంగెటి నుంచి కదిలించి పక్కనున్న న్గోరోంగోరో ప్రాంతానికి పంపారు. మన దగ్గర కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్లను ఇటీవలి సంవత్సరాలలో కవ్వాల్ కోర్ నుంచి తరలించి కొత్త మద్దిపడగ దగ్గర ఇళ్లు కట్టించారు. పులికి చోటు కావాలి, ఒప్పుకుంటాను. మనిషికి బడి, ఆసుపత్రి, రోడ్డు కావాలి, అదీ నిజమే. కానీ తరతరాల ఊరు విడిచిన కుటుంబం లెక్క, పులుల లెక్కతో పాటే ఎవరైనా ఏటా రాస్తే బాగుండునని నా కోరిక. మా గైడు ఆ అడవి అంచు ఊరివాడే. ఏ చెట్టు బెరడు ఏ జ్వరానికో చెబుతూ వచ్చాడు. మావాళ్లు చెట్టును ఫొటో తీశారు. నేను ఆయన్ను అడిగి, ఆయన ఫొటో కూడా ఒకటి తీసుకున్నాను.

పులి ఫొటో దొరకలేదని దిగులుపడేవారికి ఒక కబురు. పులులను ఇప్పుడు ఎక్కువగా ఫొటో తీస్తున్నది మనుషులు కాదు, చెట్లకు కట్టిన కెమేరా ట్రాపులు. ఛాంపియన్ తీగకు ఇవి మనవలు. వేడి కదిలితే వాటంతట అవే పనిచేస్తాయి. చారలు మన వేలిముద్రల్లాగా ఏ పులికి ఆ పులివే. పైగా ఎడమ పక్క చారలు కుడి పక్క చారలతో కలవవు. అందుకే బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా రెండు కెమేరాలు కడతారు. ఈ ఫొటోల నుంచి పులుల సంఖ్య తేల్చే గణితాన్ని 1990లలో నాగరహోళె అడవిలో ఉల్లాస్ కారంత్ గారు నిలబెట్టారు. ఆ బొమ్మలలో కొన్ని తోక మాత్రమే ఉన్నవి, కొన్ని మసక. అయినా ఏ ప్రదర్శన బొమ్మకన్నా అవి పులికి ఎక్కువ ఉపకారం చేశాయి.

చివరగా, పోదలచినవారికి కొన్ని సూచనలు. వానకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, పులుల అభయారణ్యాలు మూసి ఉంచుతారు. ఎండాకాలం మొదట్లో ఆకు రాలి, చూపు సాగి, నీటి గుంటల దగ్గర జంతువులు చేరుతాయి. కోరుట్ల నుంచి పోయేవారు జగిత్యాల మీదుగానూ, సిరిసిల్ల నుంచి వచ్చేవారు వేములవాడ, జగిత్యాల మీదుగానూ ముందు రోజే జన్నారం చేరడం మంచిది. ఎర్ర, తెల్ల చొక్కాలు వద్దు. సెంటు వద్దు. ఫ్లాషు అసలే వద్దు, రాత్రి జంతువుల కంటి వెనుక టపేటం పొర ఎందుకున్నదో చదివినవారికి కారణం చెప్పనక్కరలేదు. ట్రైపాడు జీపులో నిలవదు. దానికి బదులు ఆఫ్రికా గైడ్లు వాడే గింజల సంచి కుట్టించుకోండి. బండి అంచు మీద వేసి, పైన లెన్సు పెడితే చెయ్యి వణకదు. సిరిసిల్ల మిత్రులు మరమగ్గం మీది మందపాటి గుడ్డ ఒక మీటరు తెస్తే రెండు సంచులవుతాయి. లోపలికి మక్కలు పోస్తే చాలు. కుట్టు మాత్రం గట్టిగా ఉండాలి, అడవిలో గింజలు ఒలికితే కొండెంగలు మరుసటి బండి వెంట పడతాయి. తిరిగి వచ్చాక ఆ మక్కలు కోళ్లకు వేసుకోవచ్చు.